ఆకాశంలో గీత: టీడబ్ల్యూఏ 800పై ఒక మెయింటెనెన్స్ ఇంజినీరు కేస్ స్టడీ

2025 జూన్ 13, శుక్రవారం. ఉదయం తొమ్మిదింటికి నాకు క్లాసు. ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో కాక్‌పిట్‌కు చెప్పే గేజ్ వ్యవస్థ ఆనాటి పాఠం. ముందురోజు మధ్యాహ్నమే అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలింది. నేను గదిలోకి అడుగుపెట్టేసరికి పదహారు మంది శిక్షణార్థులూ ఫోన్ల మీదికి వంగి అదే వీడియోను ముందుకూ వెనక్కూ జరుపుతున్నారు. ఫ్లాప్‌లు, అంటే రెక్కల అంచున దించే పలకలు, దించడం మరిచారని ఒకడు, చక్రాలు ఎత్తబోయి ఫ్లాప్‌ల లివర్ లాగారని ఇంకొకడు. పక్షులు తగిలాయని కిటికీ పక్కనున్న అమ్మాయి. కల్తీ ఇంధనమని వెనక బెంచీ. నన్ను చూడగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మీరేమంటారు?"

నేనేమీ అనలేదు. గేజ్ పాఠం పక్కన పెట్టి, ఏటా కోర్సు చివర చెప్పే కేసును ఆ రోజే తెరిచాను. తీరా చూస్తే అది కూడా గేజ్ పాఠమే. అప్పుడు చెప్పిన దానికి, క్లాసులో చెప్పని ఒక సొంత సంగతి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా అర్హత ఎంతో ముందే చెప్పాలి. ముప్పై ఏళ్లకు పైగా విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశాను. అందులో సగం కాలం బోయింగ్ 747ల మీద. ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్ విభాగాల్లో లైసెన్సు. ఈ దర్యాప్తులో నాకు ఏ పాత్రా లేదు, అందరికీ అందుబాటులో ఉన్న నివేదికలు చదివినవాణ్ని, అంతే. అయితే ఈ కేసు మొత్తం ఏ ట్యాంకు చుట్టూ తిరుగుతుందో అలాంటి ట్యాంకులోకి మాత్రం చాలాసార్లు దిగాను.

ఘటన

1996 జూలై 17 రాత్రి 8:19కి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ వారి 800 నంబరు విమానం పారిస్‌కు బయలుదేరింది. పన్నెండు నిమిషాలకు, లాంగ్ ఐలాండ్ దక్షిణ తీరానికి ఎదురుగా, అట్లాంటిక్ మీద దాదాపు 13,700 అడుగుల ఎత్తులో పేలిపోయింది. 230 మంది ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. విమానం బోయింగ్ 747-131, 1971 నాటిది, 93 వేల గంటలకు పైగా ఎగిరింది. పైలట్ల నుంచి ఆపద సంకేతమేదీ రాలేదు. రెండు బ్లాక్ బాక్సులూ 8:31:12 దగ్గర ఒక్కసారిగా ఆగిపోయాయి. "ఇప్పుడే ఇక్కడ పేలుడు చూశాను" అని కంట్రోలర్లకు చెప్పింది ఆ దగ్గర్లో ఎగురుతున్న మరో విమానం కెప్టెన్.

ఆ సాయంత్రం గురించి ఒక వివరం ఉంది. నెలల తరబడి ఏ పత్రికా దానికి పెద్ద అక్షరాలు కేటాయించలేదు. ఏథెన్స్ నుంచి వచ్చిన ఆ విమానం ఏడు గంటలకు బయలుదేరాల్సింది. ఒక ప్రయాణికుడి సామానుకూ మనిషికీ లెక్క కుదరక, దారికి అడ్డంగా ఒక బండి చెడిపోయి, గంటకు పైగా ఆలస్యమైంది. జూలై ఎండలో నిలిచిన విమానంలో ఏసీ యంత్రాలు దాదాపు రెండున్నర గంటలు నడుస్తూనే ఉన్నాయి. మేము వాటిని ప్యాక్‌లు అంటాం. 747లో ఆ ప్యాక్‌లు ఉండేది సరిగ్గా సెంటర్ ట్యాంకు, అంటే రెండు రెక్కల నడుమనున్న ఇంధన ట్యాంకు, కింద. ఈ వివరం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఊరికే పుట్టిన ఊహలు కావు

పుకార్లను నమ్మినవాళ్లను వెర్రివాళ్లుగా చూపించడం ఇలాంటి కేసులు రాసేవాళ్లకు అలవాటు. నాకది నచ్చదు. ఆ వారం అమెరికాలో ఉండి ఉంటే నేనూ బాంబు అనే అనేవాణ్ని.

ఒకసారి వెనక్కి చూడండి. 1985లో ఎయిరిండియా కనిష్క, 329 మంది: బాంబు. 1988లో స్కాట్లండ్‌లోని లాకర్బీ మీద పాన్ యామ్ 103, 270 మంది: బాంబు. రెండూ 747లే. 1983లో సోవియట్ యుద్ధవిమానం కూల్చిన కొరియన్ 007 కూడా 747, 269 మంది. 1988 జూలైలో ఇరాన్ ఎయిర్ 655ను 290 మందితో సహా కూల్చింది సాక్షాత్తూ అమెరికా నౌకాదళ నౌక. అంటే 'బాంబు' అన్నవాడికీ, 'క్షిపణి' అన్నవాడికీ, 'మన నౌకాదళమే పొరపాటున కాల్చింది' అన్నవాడికీ కళ్లెదుట ఒక్కొక్క ఉదాహరణ ఉంది. పైగా మరో రెండు రోజుల్లో అట్లాంటా ఒలింపిక్స్. విమానాల్లో బాంబులు పెట్టడానికి కుట్ర పన్నిన కేసులో రమ్జీ యూసెఫ్ విచారణ అదే న్యూయార్క్‌లో నడుస్తోంది.

'ట్యాంకు దానంతటదే పేలింది' అన్నవాడికీ ఉదాహరణలున్నాయి గానీ అవి జనం నోళ్లలో నానినవి కావు. 1990 మేలో మనీలా విమానాశ్రయంలో ఇంకా నేల మీదే ఉన్న 737 సెంటర్ ట్యాంకు పేలి ఎనిమిది మంది చనిపోయారు. మా హ్యాంగర్లో దాని గురించి ఒక సర్క్యులర్ వచ్చింది, చదివి సంతకం పెట్టాం. అంతే.

మన దగ్గర కనిష్కకు తిరగేసిన కథ కూడా ఉంది. 1978 జనవరి 1 రాత్రి ఎయిరిండియా 'ఎంపరర్ అశోక' బాంద్రా తీరం దగ్గర సముద్రంలో పడి 213 మంది పోయినప్పుడు మొదట అందరూ విద్రోహమనే అనుకున్నారు. తీరా దర్యాప్తులో తేలింది కెప్టెన్ ముందున్న ఒక పరికరం పనిచేయకపోవడం, ఆ చీకట్లో ఆయన దానినే నమ్మి విమానాన్ని ఒరిగించడం. ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో చేరిన ప్రతివాడికీ సీనియర్లు మొదటివారమే చెప్పే కథ అది.

గీత

క్షిపణి వాదానికి ప్రాణం పోసింది సాక్షులు. దర్యాప్తు దస్త్రాల్లో 736 మంది కథనాలు చేరాయి. వాటిలో 258 మంది ఒక కాంతి గీతను చూశామన్నారు. 38 మంది అది నిట్టనిలువుగా, లేదా దాదాపు అలాగే, పైకి లేచిందన్నారు. చేపల వేటకు వెళ్లినవాళ్లు, తీరంలో పిల్లలతో కూర్చున్నవాళ్లు. అంతమంది అబద్ధం ఎందుకు చెబుతారు?

ఎవరూ అబద్ధం చెప్పలేదు. క్లాసులో నేను బోర్డు మీద ఒక లెక్క వేయిస్తాను. పేలుడు చోటుకు పదహారు కిలోమీటర్ల దూరంలో ఒక మనిషి ఉన్నాడు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. అతని చెవికి చేరడానికి ఎంతసేపు? నలభై ఏడు సెకన్లు. 'ఢాం' అని వినబడి తల ఎత్తినవాడు చూసేది పేలుడు జరిగి ముప్పావు నిమిషం గడిచాక ఉన్న ఆకాశాన్ని. ట్యాంకు పేలిన కొద్ది సెకన్లకే విమానం ముక్కు భాగం విడిపోయి పడింది. రెక్కలు, వెనక భాగం మాత్రం మండుతున్న ఇంధనంతో ఇంకా ముందుకు సాగాయి. దూరం నుంచి చూసేవాడికి అది కదిలే వెలుగు గీత. చీకటిపడే వేళ, నీటి మీద, కొలవడానికి మరో వస్తువు లేని చోట, ఆ గీత పైకి పోతోందా మనవైపు వస్తోందా అన్నది కన్ను ఊహించి చెప్పేదే.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. సాక్షులను మొదట ప్రశ్నించింది విమాన ప్రమాదాలు దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ కాదు, ఎఫ్‌బీఐ. నేరం జరిగి ఉండవచ్చన్న అనుమానం ఉన్నందున సాక్షులు తమ పరిధిలో ఉంటారంది. ఏజెంట్లు మాటలను యథాతథంగా రికార్డు చేయలేదు, తమ మాటల్లో సారాంశం రాసుకున్నారు. వాళ్ల చేతికిచ్చిన ప్రశ్నల్లో, క్షిపణిని ఎక్కడినుంచి ప్రయోగించారో ఆ చోటికి సూర్యుడు ఏ వైపున ఉన్నాడు అనే అర్థంలో ఒకటి ఉంది. ప్రశ్నలోనే క్షిపణి ఉంటే జవాబులో ఏముంటుంది? ఏళ్ల తరువాత ఎన్‌టీఎస్‌బీ నివేదికే ఈ ప్రశ్నల తీరును తప్పుపట్టింది. హ్యాంగర్లో మేమూ ఈ పాపం చేస్తాం. "ఇంజన్ నుంచి శబ్దం వచ్చిందా?" అని పైలట్‌ను అడిగితే వచ్చిందనే అంటాడు. "ఏం గమనించారు?" అని అడగాలి.

ఇక 1997 నవంబరు 18. ఎఫ్‌బీఐ తన నేర దర్యాప్తును ముగిస్తూ సీఐఏ తయారుచేసిన ఒక యానిమేషన్‌ను టీవీల్లో వేయించింది. ముక్కు ఊడిపోయాక మిగిలిన విమానం దాదాపు 17,000 అడుగుల దాకా పైకి ఎగబాకిందనీ, సాక్షులు చూసిన గీత అదేననీ దాని సారాంశం. 'ప్రత్యక్ష సాక్షులు క్షిపణిని చూడలేదు' అని తెర మీద అక్షరాలు కూడా వేశారు. ఎన్‌టీఎస్‌బీ తానుగా చేసిన లెక్కల్లో ఆ ఎగబాకడం అంత ఎత్తు లేదు. అనుమానాలకు మందు వేయబోయి కారం చల్లినట్టయింది. మీరు చూసింది మీరు చూడలేదని గూఢచారి సంస్థ చెబితే నమ్మేదెవరు? నాకు తెలిసి ఈ మొత్తం కేసులో పుకారుకు అతిపెద్ద ఉపకారం చేసింది ఆ చిన్న వీడియోనే.

ఎన్‌టీఎస్‌బీ చేసిన మంచిపని ఆలస్యంగా వచ్చింది. 2000 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరం దగ్గర, భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణులను నిజంగానే పేల్చి, ఎంత దూరం నుంచి ఏమి కనిపిస్తుందో మనుషులను నిలబెట్టి చూసింది. నాలుగేళ్ల ముందు చేసి ఉంటే ఎంత బాగుండేదో.

రసాయనాల జాడ

1996 ఆగస్టు 23న న్యూయార్క్ పెద్ద పత్రిక ఒకటి మొదటి పేజీలో, ప్రయాణికుల క్యాబిన్‌లో పేలుడు పదార్థం పేలిందనడానికి కీలక ఆధారం దొరికిందని రాసింది. అందులో వాస్తవం ఉంది. శకలాల్లో మూడింటి మీద సైన్యం వాడే తరహా పేలుడు రసాయనాల సూక్ష్మ జాడలు దొరికాయి. నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లు ఊరికే అన్నారా?

క్లాసులో ఇక్కడ ఆపి, ఒక కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయమంటాను. ఎడమవైపు: 'ఏం దొరికింది'. కుడివైపు: 'ఈ ఊహ నిజమైతే ఇంకా ఏమేమి దొరకాలి'. పుకారు ఎప్పుడూ ఎడమ గడిలోనే బతుకుతుంది. కుడి గడి నింపడమే మన ఉద్యోగం.

బాంబు గానీ క్షిపణి శిరోభాగం గానీ పేలితే లోహం దానికి తగ్గట్టు సాక్ష్యం చెబుతుంది. దగ్గరి రేకు మీద సన్నని గుంటలు పడతాయి. రంధ్రం అంచులు పూరేకుల్లా విచ్చుకుంటాయి. అతివేగంగా దూసుకెళ్లిన వేడి వాయువుల చెరుపు కనిపిస్తుంది. 36 మీటర్ల లోతున్న సముద్రం అడుగు నుంచి గజ ఈతగాళ్లు, వేట పడవలు కలిసి విమానంలో 95 శాతానికి పైగా పైకి తెచ్చారు. లాంగ్ ఐలాండ్ మీది కాల్వర్టన్‌లోని పాత హ్యాంగర్లో నడుమ భాగాన్ని, దాదాపు 28 మీటర్ల మేర, ముక్క ముక్కా కట్టి నిలబెట్టారు. ఆ గుర్తుల్లో ఒక్కటి కూడా ఏ ముక్క మీదా లేదు.

మరి ఆ రసాయనం? ఐదు వారాల ముందు, జూన్ 10న, సెయింట్ లూయిస్‌లో ఈ విమానంలోనే పోలీసు జాగిలానికి పేలుడు పదార్థాలతో శిక్షణ ఇచ్చినట్టు రికార్డులు చూపించాయి. అది సరిగ్గా ఈ విమానమేనా, పక్కన ఉన్న మరో 747నా అన్న వివాదం కూడా తలెత్తింది. సముద్రపు నీటిలో అలాంటి జాడలు రెండు రోజుల్లో కరిగిపోతాయని పరీక్షల్లో తేలింది కాబట్టి, శకలాలను వెలికితీసిన సైనిక నౌకలు, మనుషుల నుంచి అంటుకుని ఉండవచ్చని కూడా ఎన్‌టీఎస్‌బీ బోర్డు అంది. కచ్చితంగా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేమని రాసింది. కుడి గడి ఖాళీగా ఉన్నప్పుడు ఎడమ గడిలోని ఒక్క జాడతో విమానాన్ని పేల్చలేం.

సీట్ల మీది ఎర్రని మరక కథ కూడా ఇలాంటిదే. అది రాకెట్ ఇంధనమని ఒక రచయిత ప్రకటించాడు. పరీక్షిస్తే సీటు బట్టను అతికించే జిగురుతో సరిపోయింది. హ్యాంగర్ నుంచి ఆ ముక్కలు బయటికి తెప్పించుకున్నందుకు అతనికీ భార్యకూ 1999లో శిక్ష పడింది. ఆ జిగురును నేను వందలసార్లు చేతులకు అంటించుకున్నాను. బట్టలకు అంటితే ఒక పట్టాన వదలదు.

తాటిచెట్టు కింద నౌకాదళం

ఆ రాత్రి దగ్గరలో నౌకాదళానికి చెందిన పీ-3 నిఘా విమానం ఎగురుతోంది. 20,000 అడుగుల ఎత్తులో ఉంది. రాడార్‌కు తన ఉనికి తెలిపే దాని ట్రాన్స్‌పాండర్ పాడైంది. యూఎస్ఎస్ నార్మండీ అనే యుద్ధనౌక దాదాపు 180 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది. రాడార్‌లో ఘటనాస్థలికి మూడు మైళ్ల లోపు, 30 నాట్ల వేగంతో వెళ్లిపోతున్న ఒక పడవ జాడ కనిపించింది. అది ఎవరిదో చివరిదాకా తేలలేదు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నౌకాదళం పరిస్థితి అదే అయింది.

1996 నవంబరులో ఫ్రాన్స్‌లోని కేన్స్‌లో పియర్ సాలింజర్ ఒక పత్రం చూపించి, నౌకాదళ క్షిపణే కూల్చిందనడానికి తన దగ్గర రుజువు ఉందన్నాడు. ఈయన అల్లాటప్పా మనిషి కాడు. అధ్యక్షుడు కెనెడీకి పత్రికా కార్యదర్శి, తరువాత ఏబీసీ టీవీలో పేరున్న విలేకరి. తీరా చూస్తే ఆ పత్రం అప్పటికి వారాల తరబడి ఇంటర్నెట్‌లో చేతులు మారుతున్నదే. కంప్యూటర్లో కనిపించిన ప్రతిదాన్నీ నమ్మే రోగానికి అమెరికన్లు ఆయన పేరే పెట్టారు. వాట్సాప్ ఇంకా పుట్టని రోజులు. మా పిల్లలకు ఇది చెబితే నవ్వుతారు. తమ ఫోన్లు గుర్తొచ్చి ఆ నవ్వు కాస్త ఆలస్యంగా ఆగుతుంది.

ట్యాంకు

ఇక నా వృత్తికి సంబంధించిన భాగం.

747 సెంటర్ ట్యాంకు రెండు రెక్కలు కలిసే చోట, క్యాబిన్ నేల కింద ఉంటుంది. దాదాపు 49 వేల లీటర్లు పడుతుంది. తనిఖీకి దిగాలంటే ముందు ఇంధనం పూర్తిగా దించి, గంటల తరబడి గాలి పట్టించి, మీటర్‌తో ఆవిరి కొలిచి, బయట ఒక మనిషిని కాపలా పెట్టి, నూలు బట్టలతో లోపలికి పాకాలి. అంత గాలి పట్టించాక కూడా కిరోసిన్ వాసన నాలుగు రోజులు జుట్టును వదలదు. అడ్డగోడలతో లోపల చిన్న చిన్న గదులుగా ఉంటుంది. ఒకసారి లోపలికి వెళితే అదొక పెద్ద హాలు అని ఎందుకంటారో అర్థం కాదు.

ఆ రోజు పారిస్ ప్రయాణానికి రెక్కల్లోని ఇంధనం చాలు కాబట్టి సెంటర్ ట్యాంకు నింపలేదు. అడుగున సుమారు 190 లీటర్లు మిగిలింది. పామరులకు వింతగా ఉండేది ఇక్కడే: నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. విజయవాడ ఆటోనగర్‌లో ఏ వెల్డర్‌నైనా అడగండి. ఖాళీ డీజిల్ డ్రమ్ముకు నీళ్లు నింపకుండా టార్చి తాకించడు. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. ప్యాక్‌ల వేడి రెండున్నర గంటలు కింద నుంచి తగిలితే ఆ కొద్ది ఇంధనం ఆవిరై ట్యాంకంతా పరుచుకుంది. 1997లో ఎన్‌టీఎస్‌బీ మరో 747కు కొలత పరికరాలు అమర్చి అవే పరిస్థితుల్లో జేఎఫ్‌కే నుంచి ఎగిరించి చూసింది. ఆ ఎత్తులో ట్యాంకు లోపలి ఉష్ణోగ్రత 38 నుంచి 53 డిగ్రీల సెల్సియస్ మధ్య నమోదైంది. మండే స్థితే. అలాంటి మిశ్రమాన్ని అంటించడానికి కావాల్సిన నిప్పురవ్వ శక్తి ఒక మిల్లీజౌల్‌లో నాలుగో వంతు.

సముద్రం కూడా సాక్ష్యం చెప్పింది. శకలాలు మూడు ప్రాంతాలుగా పడ్డాయి. జేఎఫ్‌కేకు అన్నిటికంటే దగ్గరగా, అంటే అన్నిటికంటే ముందు రాలినవి, సెంటర్ ట్యాంకు ముందు వైపు భాగాలు, దాని ఎదుటి నేల. తరువాత ముక్కు. చివర రెక్కలు, తోక. ఏది ముందు ఊడిందో పడిన వరుసే చెప్పింది.

మరి ఆ రవ్వ ఎక్కడినుంచి? ట్యాంకు లోపల ఇంధనాన్ని కొలిచే గేజ్ ప్రోబ్‌లకు పోయే తీగల్లో కరెంటు అతి స్వల్పం, రవ్వ పుట్టించలేనంత. అయితే ఆ తీగలు ట్యాంకు బయట మిగతా తీగలతో కలిసి ఒకే కట్టలో పోతాయి. వాటిలో క్యాబిన్ లైట్లకు వెళ్లే ఎక్కువ వోల్టేజి తీగలూ ఉంటాయి. పాతికేళ్ల తీగల పైతొడుగు పగిలి రెండూ తాకితే ఆ వోల్టేజి గేజ్ తీగ పట్టుకుని నేరుగా ట్యాంకులోకి నడిచి వెళుతుంది. దొరికిన కాక్‌పిట్ గేజ్ ముల్లు 640 పౌండ్ల దగ్గర నిలిచి ఉంది. ఆ ట్యాంకులో ఉన్నది సుమారు 300. గేజ్ తీగకు బయటి కరెంటు తగిలితే ముల్లు అలా జరుగుతుందని పరీక్షల్లో చూశారు. వాయిస్ రికార్డర్ ఆగడానికి సెకను లోపే కెప్టెన్ వైపు ఛానల్‌లో కరెంటు నేపథ్య ధ్వని రెండుసార్లు క్షణమాత్రం పోయి వచ్చింది. అంతకు రెండు నిమిషాల ముందు నాలుగో ఇంజన్ ఇంధన సూచిక పిచ్చిగా కదులుతోందని కెప్టెన్ అన్న మాట కూడా టేపులో ఉంది.

ఇక్కడ నేనొకటి ఒప్పుకోవాలి. ఈ ప్రమాదానికి మూడేళ్ల ముందు, నేను పనిచేస్తున్న చోట ఒక 747కు స్నాగ్, అంటే లోపం ఫిర్యాదు, రాశారు: సెంటర్ ట్యాంకు ఖాళీగా ఉన్నా గేజ్ అప్పుడప్పుడు ఎనిమిది వందల కిలోలు చూపిస్తోంది. మూడు రాత్రులు వెతికాం. గేజ్ మార్చాం. ట్యాంకులోకి దిగి ప్రోబ్‌లు పరీక్షించాం. అన్నీ బాగున్నాయి. చివరికి సరకుల అర పైకప్పులో, ఎప్పుడో ఎవరో చేసిన డ్రిల్లింగ్ తాలూకు లోహపు పొట్టు తీగల కట్టలో ఇరుక్కుని పైతొడుగును కోసినట్టు కనిపెట్టాం. శుభ్రం చేసి, తీగ మార్చి, 'ఇండికేషన్ లోపం, సరిచేయబడింది' అని రాసి సంతకం పెట్టాను. టీ తాగడానికి వెళ్లాం. ఆ ముల్లును కదిలించిన కరెంటు ట్యాంకు లోపల ఇంకేం చేయగలదో మాలో ఒక్కరికీ తట్టలేదు. అది తప్పు లెక్క చూపే గేజ్ మాత్రమే అనుకున్నాం. 2000లో ఎన్‌టీఎస్‌బీ నివేదిక చదువుతూ, పాత విమానాల తనిఖీల్లో తీగల కట్టల్లో లోహపు పొట్టు దొరికిందన్న పేరా దగ్గర పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను.

'సంభావ్యమైనది' అనే మాట

2000 ఆగస్టు 23న, 'క్యాబిన్‌లో పేలుడు' వార్త వచ్చి సరిగ్గా నాలుగేళ్లకు, బోర్డు తుది నివేదికను ఆమోదించింది. సెంటర్ ట్యాంకులోని ఆవిరి అంటుకుని పేలడం కారణం. రవ్వ ఎక్కడినుంచి వచ్చిందో కచ్చితంగా నిర్ధారించలేకపోయాం. పరిశీలించిన వాటిలో అన్నిటికంటే సంభావ్యమైనది ట్యాంకు బయటి షార్ట్ సర్క్యూట్ వల్ల గేజ్ తీగల ద్వారా లోపలికి చేరిన వోల్టేజి.

అదిగో, వాళ్లకే తెలియదు, అన్నారు అనుమానం ఉన్నవాళ్లు. అది కూడా ఊహే కదా అని క్లాసులో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. అవును, చివరి మెట్టు ఊహే. కాకపోతే దాని కింది మెట్లన్నీ కొలిచినవి. ట్యాంకు పేలిందన్నది శకలాలు చెప్పాయి. ఆవిరి మండే స్థితిలో ఉందన్నది థర్మామీటర్ చెప్పింది. ఏ తీగ ఏ తీగను తాకిందన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు, ఆ అంగుళం తీగ దొరకలేదు. ఎక్కడివరకు కొలిచారో, ఎక్కడినుంచి ఊహించారో గీత గీసి చూపించింది నివేదిక. క్షిపణి వాదంలో ఆ గీత ఎక్కడుందో నేను ఇంతవరకు కనిపెట్టలేదు. 2013లో కొందరు మాజీ దర్యాప్తు అధికారులు సహా కేసు తిరగదోడమని అర్జీ పెట్టారు. బోర్డు చదివి, 2014 జూలైలో తిరస్కరించింది.

నివేదికలో రవ్వ కంటే ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉంది. నిప్పురవ్వలన్నిటినీ నివారిస్తే చాలు, ట్యాంకు పేలదు అన్న డిజైన్ నమ్మకాన్నే అది తప్పుపట్టింది. దాంతోపాటు వేడి యంత్రాలను ట్యాంకు కింద పెట్టి, ఆ వేడిని తగ్గించే ఏర్పాటు చేయకపోవడాన్నీ. పుకార్లు అడిగింది 'ఎవరు?' అని. ఆ ప్రశ్నకు ఈ వాక్యంలో జవాబు లేదు, అందుకే అది ఎవరికీ రుచించలేదు.

2001 మార్చి 3న బ్యాంకాక్‌లో, ప్రధాని థాక్సిన్ ఎక్కబోతున్న థాయ్ 737 నేల మీదే పేలి ఒక సిబ్బంది చనిపోయారు. వెంటనే హత్యాయత్నం అన్నారు. మళ్లీ సెంటర్ ట్యాంకే. మళ్లీ ఎండలో నడుస్తున్న ప్యాక్‌లే. 2006 మేలో మన బెంగళూరు విమానాశ్రయంలో నిలబడి ఉన్న ఒక 727 రెక్క ట్యాంకు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఎవరికీ గుర్తు లేదు. ట్యాంకులోని ఖాళీని నైట్రోజన్ ఎక్కువగా ఉన్న గాలితో నింపాలన్న అమెరికా నియమం 2008లో గానీ రాలేదు. పాత విమానాలకు 2017 చివరిదాకా గడువు ఇచ్చారు. ఆలస్యానికి పుకార్లను నిందించను. అంత ఖర్చు దండగని పరిశ్రమ కమిటీలు లెక్కలు వేయడమే అసలు కారణం. అయితే ఒకటి మాత్రం అంటాను: 'క్షిపణి ఎవరిది?' అని అడిగిన గొంతుల్లో పదో వంతు 'నైట్రోజన్ ఎప్పుడు?' అని అడిగి ఉంటే ఆ కమిటీలకు కాస్త చెమట పట్టేది.

కాల్వర్టన్‌లో కట్టిన ఆ అస్థిపంజరాన్ని తరువాత వర్జీనియాలోని ఆష్‌బర్న్ శిక్షణ కేంద్రానికి తరలించారు. 2021 దాకా దాని పక్కన నిలబడి దర్యాప్తు అధికారులు పాఠాలు నేర్చుకున్నారు. చూడాలని నాకు చాలా ఉండేది, కుదరలేదు.

తిరిగి క్లాసుకు

జూన్ 13న ఇదంతా చెప్పాక పదహారు మందికీ తెల్ల కాగితాలిచ్చాను. అహ్మదాబాద్ మీద మీ ఊహ రాయండి, కుడి గడి నింపండి అన్నాను. పక్షులైతే ఇంజన్లలో ఏం దొరకాలి? ఫ్లాప్‌లు దించకపోతే శకలాల్లో లివర్ ఎక్కడుండాలి? ఇంధనం కల్తీ అయితే అదే బౌజర్ (ఇంధన ట్యాంకర్ బండి) నుంచి నింపుకున్న మిగతా విమానాల సంగతేమిటి? గంటన్నర నిశ్శబ్దంగా రాశారు. ఫోన్ ఎవరూ ముట్టుకోలేదు.

జూలై 12న ప్రాథమిక నివేదిక బయటికి వచ్చింది. ఫ్లాప్‌లు దిగే ఉన్నాయి. పక్షుల జాడ చెప్పుకోదగ్గది లేదు. పరీక్షించిన ఇంధన నమూనాలు సరిగానే ఉన్నాయి. రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో 'రన్' నుంచి 'కటాఫ్'కు, అంటే ఇంధనం ఆపే స్థితికి, మారాయనీ, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే తాను ఆపలేదని రెండోవారు అన్నారనీ ఉంది. ఎలా మారాయో లేదు. ఆ సాయంత్రానికే టీవీల్లో జవాబు వచ్చేసింది, మనిషి పేరుతో సహా.

సోమవారం క్లాసులో కాగితాలు తిరిగి ఇచ్చాను. చాలామంది తమ ఎడమ గడిని కొట్టేసుకున్నారు. పక్షులన్న అమ్మాయి మాత్రం కాగితాన్ని వెనక్కి తిప్పి, కొత్త ఎడమ గడిలో 'స్విచ్‌లు' అని రాసింది. కుడి గడిలో నాలుగు వరుసలు రాసి, రెండు కొట్టేసి, కలం మూసింది. "దీనికి ఏం దొరకాలో నాకు ఇంకా తెలియడం లేదు సార్. కాగితం మీ దగ్గరే ఉంచండి" అంది.

నా డ్రాయర్లో, గేజ్ పాఠం నోట్సు మీద ఉంది.